ఇంటి ముందు బాటకు మొరం, తోటకు మట్టి తోలించుకోవడం ఎలా?

"అన్నా, రెండు లోడ్ల మొరం కావాలి." మనలో చాలామంది ఇచ్చే ఆర్డరు ఇంతే. అవతలివాడు కూడా "ఎక్కడికి?" అని ఒక్క మాటే అడుగుతాడు. ఎందుకు కావాలో, కింద నేల ఏమిటో, ఎంత మందం పోయాలో అతనికి పట్టదు. పట్టించుకోవలసింది మనమే. లోడు అనేది కొలత కాదు. ట్రాక్టరు ట్రక్కూ లోడే, పన్నెండు చక్రాల టిప్పరూ లోడే.

చేవెళ్ల వైపు మాకు చిన్న జాగా ఉంది. గేటు నుంచి ఇంటి దాకా అరవై అడుగుల బాట. మొదటిసారి నేనూ ఇలాగే ఫోన్ చేసి, వచ్చిన మొరాన్ని నల్లరేగడి మీదే పరిపించాను. వేసవంతా ఎర్రగా, అందంగా ఉంది. ఆగస్టు వానలకు కారు చక్రాలు దిగబడ్డాయి. మొరం కిందికి పోయి నల్లమట్టి పైకి వచ్చింది. పక్క చేను ట్రాక్టరుతో కారును లాగించాల్సి వచ్చింది. రెండోసారి చేసిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పని: గడ్డపార తీసుకుని నేల చూడటం

బాట వేయాలనుకున్న చోట అడుగున్నర లోతు గుంత తవ్వండి. రెండు మూడు చోట్ల తవ్వితే ఇంకా మంచిది. ఇల్లు కట్టినప్పుడు ఎవరో ఎక్కడో పాత మట్టి, సిమెంటు పెచ్చులు పూడ్చే ఉంటారు. ప్రతి గుంతలో బకెట్ నీళ్లు పోసి మర్నాడు చూడండి.

చెల్క నేల, అంటే తేలికపాటి ఎర్రనేల అయితే నీళ్లు ఇంకిపోయి ఉంటాయి. మీ అదృష్టం. పైన గడ్డి, వేర్లు ఉన్న నాలుగైదు అంగుళాల మట్టి తీసేసి నేరుగా పని మొదలుపెట్టవచ్చు. నల్లరేగడి అయితే నీళ్లు ఇంకా నిలిచే ఉంటాయి, అంచులు జిగురుగా మారి ఉంటాయి. ఈ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఏటా రెండుసార్లు కదిలే నేల మీద ఏం పోసినా నిలవదు. కనీసం 8 అంగుళాలు తీసేసి, అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద మొరం వేయాలి. ఆ గుడ్డ నీటిని వదులుతుంది, మట్టిని మాత్రం పైకి రానివ్వదు. మొదటిసారి నేను ఎగ్గొట్టింది దీన్నే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో సంగతి వేరు. అక్కడ నేల కింద కొద్ది లోతులోనే నీళ్లుంటాయి కాబట్టి ముందు మెరక చేయాలి. మెరక పోసిన వెంటనే బాట వేయకండి, ఒక వానాకాలం పోనివ్వండి.

తవ్వితీసిన నల్లమట్టిని పారబోయకండి. తోట దగ్గర దానితో పని ఉంది.

ఏ సరుకు దేనికి

ఒకే సరుకుకు ఊరికో పేరు ఉండటం వల్లే సగం గొడవ. తెలంగాణలో మొరం అనేదాన్ని కోస్తాలో గ్రావెల్ అంటారు, రాయలసీమ, నెల్లూరు వైపు గరుసు అంటారు. కోస్తాలో వ్యాపారిని గ్రావెల్ అడిగి, నల్ల కంకర వస్తుందని ఎదురుచూస్తే ఎర్రమట్టి వస్తుంది. అందుకే పేరుతో పాటు సైజు, రంగు, పని కూడా చెప్పాలి. వీలైతే వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకోండి. ఇంకా మంచిది, స్వయంగా వెళ్లి ఒక సంచిలో శాంపిల్ తెచ్చుకోవడం.

క్రషర్ దగ్గర రాయిని ఎంఎం లెక్కన అమ్ముతారు. 40 ఎంఎం కంకర బాట అడుగుకు. 20 ఎంఎం మామూలుగా శ్లాబు కాంక్రీటుకు వాడేది. 12 ఎంఎం, అంతకంటే చిన్న బేబీ చిప్స్ పై పొరకు. మిగిలేది డస్ట్, అంటే రాతి పొడి. జీఎస్‌బీ, వెట్‌మిక్స్ అని రోడ్డు పనుల వాళ్లు వాడే సరుకులు కూడా ఉంటాయి. వాటిలో పెద్ద రాయి నుంచి పొడి దాకా అన్ని సైజులూ కొలత ప్రకారం కలిపే ఉంటాయి. దగ్గర్లో వెట్‌మిక్స్ దొరికితే 40 ఎంఎం, డస్ట్ విడివిడిగా కొనే శ్రమ తప్పుతుంది.

గుర్తుంచుకోవలసింది ఒకటే. పలుకులు కోసుగా ఉన్న రాయి ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా ఉంటుంది. గుండ్రటి రాయి దొర్లుతుంది. ఏటి గులకరాళ్లు చూడటానికి బాగుంటాయని బాటకు వేస్తారు. వాటి మీద స్కూటర్ బ్రేక్ వేసి చూస్తే తెలుస్తుంది. గులకరాళ్లను మొక్కల మొదళ్ల చుట్టూ, చూరు నీళ్లు పడే చోట వేసుకోండి. రెండో తేడా పొడిది. పొడి కలిసిన కంకర తడిపి తొక్కిస్తే గట్టిపడుతుంది, పొడి లేని కంకర నీటిని వదులుతుంది. బాట అడుగుకు మొదటిది, కాలువల్లో, పైపుల చుట్టూ రెండోది.

పై పొర రెండు అంగుళాలు మించితే చక్రాలు తిరగవు, చెప్పులు కూరుకుపోతాయి, ఇంట్లో పెద్దవాళ్లు నడవలేరు. ఇంకొక మాట. గేటు ముందు ఐదడుగులు కంకర వేయకుండా బండలు పరిపించండి. మా ఇంట్లో ఈ ఆలోచన నాది కాదు. "కంకర మీద ముగ్గెలా వేస్తారు?" అని మా అత్తయ్య అడిగేదాకా నాకు తట్టలేదు.

మొరం మంచిదో కాదో తేల్చే పద్ధతి

మంచి మొరంలో గరుకు పలుకులు ఎక్కువ, వాటిని అంటించే బంక కొద్దిగా ఉంటాయి. బంక అసలు లేకపోతే గాలికి, వానకు కొట్టుకుపోతుంది. ఎక్కువైతే బురద అవుతుంది.

గుప్పెడు తీసుకుని తడిపి ముద్ద చేయండి. ముద్ద నిలవాలి. తర్వాత అందులోంచి పెద్ద పలుకులు ఏరేసి, మిగిలినదాన్ని అరచేతుల మధ్య వత్తిలా చేయండి. పెన్సిల్ కంటే సన్నగా, పొడుగ్గా, తెగకుండా సాగితే అందులో బంకమట్టి ఎక్కువ. బాటకు వద్దు. లావుగా ఉండగానే విరిగిపోతే సరైన సరుకు. మిగిలిన ముద్దను ఎండబెట్టి మర్నాడు వేళ్లతో నలపండి. కష్టం మీద విరగాలి. ముట్టుకోగానే రాలిపోతే బంక చాలదు.

తెల్లగా, మెత్తగా ఉండే సుద్దమట్టిని "వైట్ మొరం" అని అంటగట్టేవాళ్లున్నారు. తడిస్తే వెన్నలా జారుతుంది. ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.

లెక్క

మన దగ్గర లెక్క యూనిట్లలో నడుస్తుంది. ఒక యూనిట్ అంటే 100 సీఎఫ్‌టీ, అంటే వంద ఘనపుటడుగులు. మీటర్లలో చెప్పేవాళ్లుంటే ఒక ఘనపు మీటరు 35.3 సీఎఫ్‌టీ. పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించి, మందాన్ని అంగుళాల్లో తీసుకుని 12తో భాగించి మళ్లీ గుణిస్తే సీఎఫ్‌టీ వస్తుంది. ఇది తొక్కించాక ఉండే లెక్క. బండిలో వచ్చేది వదులు సరుకు కాబట్టి అంతకంటే ఎక్కువ తెప్పించాలి. మొరానికి నాలుగో వంతు, 40 ఎంఎం కంకరకు ఐదో వంతు కలపండి. పై చిప్స్ పెద్దగా అణగవు, చెదిరేవాటికి పదో వంతు చాలు.

మా బాట 12 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, మొత్తం 720 చదరపు అడుగులు. అడుగున మొరం 6 అంగుళాలు: 360 సీఎఫ్‌టీ, వదులు లెక్కలో 450. దాని మీద 40 ఎంఎం కంకర 3 అంగుళాలు: 180, వదులుగా 220 దాకా. ఆ కంకర సందుల్లోకి డస్ట్ 55. పైన 12 ఎంఎం చిప్స్ 2 అంగుళాలు: 120, వదులుగా 130. అన్నీ కలిపి ఎనిమిదిన్నర యూనిట్లు. మొత్తం మందం 11 అంగుళాలు, తవ్వింది 8 అంగుళాలు. కాబట్టి బాట పక్క నేల కంటే 3 అంగుళాలు ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు ఉండాలి కూడా, లేకపోతే తోటలోని నీళ్లన్నీ బాటలోకే చేరతాయి.

టన్నుల్లో అమ్మితే, వదులు కంకర యూనిట్ 4.2 నుంచి 4.5 టన్నుల దాకా తూగుతుంది. వానాకాలంలో మొరం, డస్ట్ తూకం మీద కొనకండి, నీళ్లకు డబ్బు కట్టినట్టు అవుతుంది. డస్ట్, ఇసుక కొద్దిగా తడిస్తే పరిమాణంలోనూ ఉబ్బుతాయి. అందుకే వాటిని పొడిగా ఉన్నప్పుడు కొనడమే మేలు.

తోట మట్టి

బాటకు పనికొచ్చే మొరం మొక్కకు పనికిరాదు, మొక్కకు పనికొచ్చే మట్టి బాటకు పనికిరాదు. ఒకే బండి తెప్పించి రెండింటికీ సర్దుకోవాలని చూడకండి.

తోటకు ఎర్రమట్టి అని అడిగితే చాలాచోట్ల గుట్ట కింది పొర, అంటే సారం లేని మట్టి తెచ్చి పోస్తారు. రంగు మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. మొక్కకు కావలసింది పైపొర మట్టి. అందులో సన్న వేర్లు, ఎండిన గడ్డి ముక్కలు, ఒకటో రెండో వానపాములు కనిపించాలి. పొలంలో పైపొర తీసి అమ్మడం ఆ పొలానికి మంచిది కాదు. ఇంటి పునాదులకో, కుంటలకో తవ్వినప్పుడు వచ్చే పైమట్టి దొరికితే అది తీసుకోండి.

చెరువు మట్టి మరో దారి. వేసవిలో చెరువులు ఎండినప్పుడు పూడిక తీస్తారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ రోజుల్లో తెలంగాణలో ఈ మట్టిని రైతులు ట్రాక్టర్లకు ట్రాక్టర్లు పొలాలకు తోలుకున్నారు. సారం ఉంది, అనుమానం లేదు. అయితే మెత్తటి ఒండ్రు కాబట్టి ఒంటరిగా పోస్తే ఎండకు పెళ్లలు కడుతుంది. ఎర్రమట్టిలో కలిపి వాడాలి. దానితో పాటు తుంగ గడ్డలు వచ్చాయంటే ఆ తోటలో జీవితాంతం తుంగ పీకుతూనే ఉండాలి. కొనేముందు శాంపిల్‌ను ఒక తొట్టిలో పోసి రోజూ తడపండి. రెండు వారాల్లో ఏమేం మొలుస్తాయో చూడండి. వయ్యారిభామ కలుపు కూడా ఇలాగే ఇంట్లోకి వస్తుంది.

కోస్తాలో ఇంకొక జాగ్రత్త. ఉప్పునీటి రొయ్యల చెరువులు తవ్విన మట్టి, గట్లు కొట్టిన మట్టి చౌకగా దొరుకుతుంది. అందులో ఉప్పు ఉంటుంది. కొబ్బరి ఎలాగో తట్టుకుంటుందేమో కానీ గులాబీ, మల్లె, కూరగాయలు తట్టుకోవు.

ఉప్పు సంగతి ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. శాంపిల్ మట్టిలో మెంతులు చల్లండి. పక్కనే మీకు నమ్మకమున్న మట్టిలోనూ చల్లండి. నాలుగైదు రోజుల్లో రెండింటి మొలకలూ సమానంగా రావాలి. ఒకదానిలో మొలకలు కొసలు మాడి, గిడసబారితే ఆ మట్టి వద్దు. మట్టి మీద నిమ్మరసం పిండితే నురగ వస్తే సున్నం ఎక్కువ. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి పెడితే ఇసుక నిమిషంలో కిందికి దిగుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో, బంక మర్నాటికి. పొరల మందం చూస్తే మట్టి స్వభావం తెలిసిపోతుంది. నాలుగైదు యూనిట్లకు మించి కొంటుంటే ఇవన్నీ చాలవు, కృషి విజ్ఞాన కేంద్రంలోనో వ్యవసాయ శాఖ ల్యాబులోనో పరీక్ష చేయించండి. పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య, ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1 లోపు ఉంటే దాదాపు అన్ని మొక్కలకూ సరిపోతుంది.

నేను కలిపిన పాళ్లు ఇవి: ఎర్రమట్టి రెండు వంతులు, బాట దగ్గర తవ్విన నల్లమట్టి ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు. నల్లమట్టి తేమను పట్టి ఉంచుతుంది, ఎర్రమట్టి గాలి ఆడనిస్తుంది. ఎరువు పచ్చిగా ఉంటే వేరుపురుగు, చెదలు వెంట వస్తాయి. వాసన లేకుండా, చేతిలో పొడిపొడిగా రాలేదే మాగిన ఎరువు. 30 అడుగులు, 20 అడుగుల మడికి 9 అంగుళాల మందాన 450 సీఎఫ్‌టీ, అణగడానికి ఐదో వంతు కలిపితే 540. పాత చెట్లున్న చోట మాత్రం మొదళ్ల చుట్టూ మట్టి ఎత్తుగా పోయకండి. వేర్లకు గాలి అందక రెండేళ్లలో వేపచెట్టంతటిది కూడా ఎండిపోవచ్చు. ఇంటి గోడ వైపు మట్టి పునాది బెల్టు కంటే కనీసం అరడుగు కిందే ఆగాలి. లేదంటే చెమ్మ, చెదలు గోడెక్కుతాయి.

ఆర్డరు చెప్పేటప్పుడు

అడగవలసింది "లోడు ఎంత?" అని కాదు, "యూనిట్ ఎంత, బండి కిరాయి కలిపి, మా గేటు లోపల దించి?" అని. ఈ సరుకులో రాయి ధర కంటే డీజిల్ ధరే ఎక్కువ ఉంటుంది. అందుకే ఇరవై కిలోమీటర్ల లోపలి క్రషర్‌లో మామూలు కంకర, యాభై కిలోమీటర్ల అవతలి మేలు రకం కంటే లాభం. ఇద్దరు ముగ్గురిని అడిగి, ఒక్కొక్కరికీ అదే సరుకు, అదే సైజు చెప్పి ధర రాయించుకోండి.

బండి బాడీ లోపలి కొలతలు అడగండి. "నాలుగు యూనిట్ల బండి" అని ఒకతను మాకు పంపినదానికి టేపు పెడితే పొడవు 12.5, వెడల్పు 7, ఎత్తు 3.5 అడుగులు. అంటే 306 సీఎఫ్‌టీ, మూడు యూనిట్లు. గట్టిగా అడిగితే "పైన కుప్ప ఉంది కదా సార్" అన్నాడు. ఆ కుప్ప దారిలోనే అణిగిపోయింది. కొలత దించేముందు, మీ గేటు దగ్గరే చూసుకోవాలి. మధ్యలో గుట్టలా, మూలల్లో బోలుగా ఉంటే పారతో సమం చేయించి కొలవండి. తూకం మీద అయితే కాటా చీటీ రెండూ చూడండి, ఖాళీ బండిదీ, నిండు బండిదీ.

ఎక్కువ వేసుకొస్తామన్నా సంతోషించకండి. పది చక్రాల టిప్పరు సరుకుతో కలిపి 28.5 టన్నులకు మించకూడదని నిబంధన. ఖాళీ బండే పది, పదకొండు టన్నులు. మిగిలేది నాలుగు యూనిట్ల చిల్లర. ఆరు యూనిట్లు తెస్తే మీ వీధి కల్వర్టు మీ పేరు చెప్పుకుంటుంది.

పర్మిట్ తప్పనిసరిగా అడగండి. 1957 గనుల చట్టం కింద మొరం, కంకర చిన్నతరహా ఖనిజాలు. మెరకకు వాడే మామూలు మట్టిని కూడా 2000లో ఈ జాబితాలో చేర్చారు. బండితో పాటు ట్రాన్సిట్ పాస్ ఉండాలి. పట్టా భూమి నుంచి తెచ్చినా అంతే. రైతులు పొలానికి చెరువు మట్టి తోలుకోవడానికి ఇచ్చే అనుమతి వేరు, అదే మట్టిని ప్లాటుకు అమ్మడం వేరు. బండి దారిలో పట్టుబడితే మీ అడ్వాన్సు దానితో పాటే ఆగిపోతుంది. అందుకే అడ్వాన్సు తక్కువ ఇచ్చి, మిగతాది కొలత చూశాక ఇవ్వండి.

కాలం సంగతికొస్తే, ఫిబ్రవరి నుంచి రోహిణి కార్తె దాకా మంచి సమయం. మృగశిర దాటితే గుంతల్లో నీళ్లు, దారుల్లో బురద, ధరల్లో పెరుగుదల.

బండి వచ్చే రోజు

హైదరాబాద్ ఇళ్లలో సంపు సాధారణంగా గేటు లోపలే, కారు నిలిపే చోట ఉంటుంది. సంపు మూత మీదికి, సెప్టిక్ ట్యాంకు మీదికి టిప్పరును ఎక్కనివ్వకండి. డ్రైవరుకు తెలియదు కాబట్టి ముందు రోజే సుద్దతోనో ఇటుకలతోనో గీత గీసి పెట్టండి. తల ఎత్తి కరెంటు తీగలు చూడండి. టిప్పరు బాడీ లేచిందంటే మామూలు వీధి తీగలకు తగులుతుంది. ఏటవాలు నేల మీద బాడీ లేపితే బండి పక్కకు ఒరిగిపోతుంది, చదునైన చోటే దించమనండి. సందు ఇరుకైతే ధర కొంచెం ఎక్కువైనా ట్రాక్టరే మాట్లాడుకోండి. నగరంలో పగలు పెద్ద బండ్లను రానివ్వరు కాబట్టి రాత్రి పదకొండింటికి హారన్ మోగవచ్చు, పక్కింటివాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. రోడ్డు మీద పోయిస్తే జరిమానా ఒకటి, పొద్దునకల్లా సగం ఖాళీ కావడం ఒకటి.

ఒకే రోజు అన్నీ తెప్పించకండి. మొరం దించి, పరిచి, తొక్కించాకే కంకర. తోట మట్టి అన్నిటికంటే చివర. లేకపోతే జేసీబీ వాడు అన్నీ కలిపేసి వెళ్తాడు, గంటల లెక్క మాత్రం పక్కాగా చెబుతాడు.

పరచడం, తొక్కించడం

మొరాన్ని ఆరంగుళాలూ ఒకేసారి వేస్తే రోలర్ బలం కిందికి చేరదు. రెండు పొరలుగా వేయండి. నీళ్లు చల్లి ఒక రాత్రి నాననివ్వండి. మర్నాడు చేతికి తేమ తగిలి, అంటుకోకుండా ఉన్నప్పుడు రోలర్ తిప్పించండి. చిన్న బాటకు అద్దెకు దొరికే ప్లేట్ కాంపాక్టర్ చాలు, అప్పుడు పొర ఇంకా పలచగా, మూడంగుళాల లోపు ఉండాలి. అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకు రావాలి. మడమతో గట్టిగా తన్నినా గుంట పడకపోతే ఆ పొర అయినట్టే.

తర్వాత 40 ఎంఎం కంకర పరిచి పొడిగానే తొక్కించి, దాని మీద డస్ట్ చల్లి, చీపుళ్లతో సందుల్లోకి ఊడ్చి, నీళ్లు కొట్టి మళ్లీ తొక్కించాలి. డస్ట్ లోపలికి దిగినకొద్దీ మళ్లీ చల్లాలి. పాత కంకర రోడ్లు వేసిన పద్ధతి ఇదే, ఇంజనీర్లు డబ్ల్యూబీఎం అనేది దీన్నే. నడుమ ఎత్తుగా, రెండు వైపులా వాలు ఉండాలి. 12 అడుగుల బాటకు నడిమి నుంచి అంచుకు రెండు, రెండున్నర అంగుళాల వాలు సరిపోతుంది. అంచుల వెంట కడప బండ ముక్కలు నిలువుగా పాతించండి, లేకపోతే చిప్స్ ఏడాదిలో తోటలోకి నడిచిపోతాయి. చివరగా చిప్స్ పరిచి, రేక్‌తో సమం చేస్తే చాలు, రోలర్ అక్కర్లేదు.

అయిదారు బస్తాల చిప్స్ గోడ పక్కన దాచి ఉంచండి. తొలకరి పడ్డాక గొడుగేసుకుని బాటంతా ఒకసారి నడవండి, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో అక్కడ ఒక ఇటుక ముక్క పెట్టి రండి. వాన వెలిశాక ఆ గుర్తుల దగ్గర పై చిప్స్ పక్కకు లాగి, తడి డస్ట్‌తో పల్లం పూడ్చి దిమ్మిసతో కొట్టి, చిప్స్ మళ్లీ పైకి లాగేయాలి. మాకు మొదటి ఏడాది నాలుగు చోట్ల పూడ్చాల్సి వచ్చింది, రెండో ఏడాది ఒక్క గేటు మలుపు దగ్గరే.